మొదట పాలు పొంగించింది మా నాయనమ్మ

ఒడిశాలోని బరంపురం పాత ఊళ్లో మేము పుట్టి పెరిగిన మేడను కట్టించిన వకీలు అందులో ఒక్కరోజు కూడా ఉండలేదు. పైఅంతస్తు లేస్తుండగా తాపీమేస్త్రి పరంజా మీంచి పడి చనిపోయాడట. దాంతో అది అచ్చిరాని ఇల్లని వీధంతా తీర్మానించుకుంది. అద్దె తగ్గించినా ఎవరూ రాలేదు.

మా తాతయ్య రైల్వే గుమాస్తా. శ్రీకాకుళం వైపు నుంచి బదిలీ మీద వచ్చినప్పుడు దొరికిన ఇల్లు అదొక్కటే. ఆయన తటపటాయిస్తుంటే నాయనమ్మే తేల్చేసిందట.

"ఏటయిపోద్ది? ఆ మేస్త్రి సెమటోడ్చి కట్టిన ఇల్లు. ఆయనికి దణ్ణమెట్టుకుని ఎల్దాం పదండి."

పాలు పొంగించి, మేస్త్రి పేరు చెప్పి దీపం పెట్టింది. ఇదంతా మా మేనత్త చెప్పిన మాట. అప్పటికి ఆమెకు ఆరేళ్లు. ఆడుకోవడానికి పక్కింటి పిల్లలు కూడా ఆ గుమ్మం తొక్కేవారు కాదని ఇప్పటికీ చెబుతుంది.

ఏడాది తిరక్కుండానే తుఫాను వచ్చింది. మధ్యాహ్నానికే వీధిలో పెంకులు ఎగిరిపోయాయి, తాటాకు కప్పులు కూలాయి. ఆ గాలిలో నాయనమ్మ తలుపులు బార్లా తీసి గుమ్మంలో నిలబడింది.

"ఇంకా సూత్తారేటర్రా? ముందు పిల్లల్ని లోపలికి అంపండి!" అని గొంతు చించుకుంది.

ఎవరూ కదల్లేదు. చివరికి తడిసి ముద్దయిన ఒకావిడ, ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని గడప దాటింది. ఆమె చనిపోయిన మేస్త్రి భార్య. ఆమే వచ్చాక మిగతావాళ్లకు ఇంకేం భయం? సాయంత్రానికి మేడ నిండిపోయింది. నాయనమ్మ, ఆవిడ కలిసి మూడు రోజులు అందరికీ గంజి కాచి పోశారు.

వాన వెలిశాక ఆవిడను వెళ్లనివ్వలేదు నాయనమ్మ. తాతయ్య వకీలుతో మాట్లాడి వెనకవైపు రెండు గదులు ఇప్పించాడు. ఆ పిల్లలు, మా అత్త ఒకే బడికి వెళ్లి, ఒకే పళ్లెంలో పఖాళొ, అదే చద్దన్నం, తిని పెరిగారు.

పోయినేడు పాత కట్టడాల వివరాలు రాసుకోవడానికి ఒక ఒడియా అమ్మాయి వచ్చింది. మొదట ఇక్కడ ఉన్నది వకీలుగారని ముందే కాగితం మీద రాసుకుంది.

"సరేనా మావుసీ?" అని దాన్ని చదివి అత్తను అడిగింది.

ఎనభై దాటిన మా అత్త కుర్చీలోంచి లేచింది.

"కొట్టెయ్యమ్మా. ఆయన కట్టించినోడు. ఉన్నోలం మేం. మా అమ్మ, మేస్త్రి పెళ్లాం. ఇద్దర్నీ రాయి."

ఆ అమ్మాయి కొట్టేసి, రెండు కుటుంబాలనూ రాసి, పైకి చదివి వినిపించింది. అత్త నిటారుగా నిలబడి వింది. పక్కన నేనూ అలాగే నిలబడ్డాను.