చాందిని ఆగిన చోట మా రేవతి

గుర్రాలతో పిల్లల మనసుకు చికిత్స చేస్తారని ఈమధ్య వింటున్నాను. ఎనభైల మొదట్లో మాకు ఆ సంగతే తెలియదు. ఆరేళ్ల మా రేవతి ఇంట్లో గలగలా మాట్లాడేది, గడప దాటితే పెదవి కదిపేది కాదు. బడి తెరిచేలోగా పిల్ల నోరు విప్పకపోతే చేర్చుకోనని టీచరమ్మ తేల్చి చెప్పింది. నాదేమో వసపిట్ట నోరు. దాని తరఫున అన్నీ నేనే చెప్పేదాన్ని. ధర్మవరంలో మస్తాన్ అనే జట్కాయన దగ్గర బెదురు పిల్లలు కుదుటపడతారని పక్కింటావిడ అంటే, సరే, అదీ చూద్దామని బయల్దేరాను.

అనంతపురంలో ఆరు గంటల బస్సెక్కితే ఏడున్నరకల్లా ధర్మవరం. టికెట్టు రెండు మూడు రూపాయలే. బస్టాండు బయట మస్తాన్ తన తెల్ల గుర్రం చాందినికి నానబెట్టిన ఉలవలు పెడుతున్నాడు. మగ్గాల చప్పుడు నిద్రలో విన్నట్టు ఎక్కడినుంచో వస్తోంది.

"పేరేమి పాపా?" అన్నాడు.

"రేవతి," అన్నాను నేను.

"నిన్ను అడగల్యా కదమ్మా."

నాకు ఒళ్లు మండింది. ఆయన పట్టించుకోకుండా రేవతి అరచేతిలో గుప్పెడు ఉలవలు పోశాడు. తమ చేత్తో గుర్రానికి మేత పెట్టనిదే పిల్లలను బండి ఎక్కించడట. చాందిని వాసన చూసి మెల్లగా తింది. రేవతి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఐదు రూపాయలకు కొత్తచెరువు దారిలో తిప్పి తెస్తానన్నాడు. వానల్లేని ఏడు. రెండు వైపులా విత్తనం పడని ఎర్రచేలు, దూరంగా ఎంతకీ దగ్గర కాని ఎండమావి. గజ్జెల మోతలో నా మాటలు కూడా ఎటో జారిపోయాయి. రేవతి ముందు, మస్తాన్ పక్కన కూర్చుంది.

నడిదారిలో చాందిని ఆగిపోయింది.

"నా మాట ఇనకుండా ఉండాది. నువ్వు చెప్పు పాపా," అన్నాడు మస్తాన్.

నేను నోరు తెరిచాను. "నువ్వు ఊరకుండమ్మా," అని ఆయన బీడీ ముట్టించాడు. అది అయిపోయింది, ఇంకోటి వెలిగించాడు. అప్పుడు చూశాను, ఆయన చేతిలో పగ్గాలు బిగిసి ఉన్నాయి. గుర్రం మొండికెయ్యలేదు, ఆయనే ఆపాడు. ఆ సంగతి చెప్పెయ్యాలని నాలుక దురద పెట్టింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. గాలికి చాందిని జూలు లేచి పడుతోంది. ఎంతసేపు గడిచిందో తెలియదు.

"పద చాందినీ," అంది రేవతి.

పగ్గాలు వదులయ్యాయి, బండి కదిలింది. నాకు ఏడుపొచ్చింది.

"పాప పలకకుంటే ఎంతసేపు ఆగేవాడివన్నా?" అన్నాను తిరిగొచ్చేటప్పుడు.

"గుర్రం ఆగుతాది, నేనూ ఆగుతా. ఆగనిది నువ్వేనమ్మా."

ఆ మాట పుండు మీద కారంలా మండినా, నిజం. ఇంకో నాలుగుసార్లు వెళ్లాం. ఇటువంటి పిల్లలతో ప్రయాణమయ్యేవాళ్లు రోజంతా ఖాళీ ఉంచుకోండి, తిరుగు బస్సు వేళ చూసుకుంటూ కూర్చోకండి. బడి తెరిచిన రోజు టీచరమ్మ ఏదో అడిగింది. రేవతి పలకలేదు, నేనూ పలకలేదు. "ఏమమ్మా, ఈరోజు నీక్కూడా మాటలు రావా?" అంది ఆవిడ నాతో.

"మా అమ్మకి మాటలొస్తాయి టీచర్," అంది రేవతి. "నా కోసరం ఆగుతాంది."