ఊపిరి ఆడట్లేదంటే నాటకమన్నాను

ఆ రోజు లత చేతిలోంచి కత్తెర జారిపోయింది. కస్టమర్ ఇచ్చిన పట్టు జాకెట్ గుడ్డ మీద పడి, సరిగ్గా మెడ వచ్చే చోట చీరుకుపోయింది. నేను ఆమె చెయ్యి చూడలేదు. గుడ్డ చూశాను.

"ఏందే, సోయి లేదా?" అన్నాను.

"భుజం నుంచి వేళ్ళ దాకా ఒక్కసారే గుంజిందక్కా. పట్టు దొరకలే," అంది.

లత నా చెల్లెలు. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. అమ్మ పోయాక నేనే పెంచాను, కుట్టు నేర్పాను. మోండా మార్కెట్ వెనక సందులో ఉన్న టైలరింగ్ షాపు నాది. మిషన్ మీద కూర్చునేది ఆమె. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, బన్సీలాల్‌పేట్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నొప్పి అని చెప్పుకోవడానికి ఆమెకు నేను తప్ప వేరే మనిషి లేదు.

రెండు నెలల్లో మెడ కుడివైపు తిప్పలేని స్థితికి వచ్చింది. కంటి వెనక తలనొప్పి. మిషన్ మీద నుంచి లేచి గోడకు ఆనుకుంటే నేను గడియారం చూసేదాన్ని. "ఇరవై ఏండ్లు కుట్టిన. నాకు లేదా నొప్పి?" అనేదాన్ని. కస్టమర్లు ఉన్నప్పుడు, ఆమె వినేలాగే, "మా లతకు పనంటేనే నొప్పి" అని నవ్వేదాన్ని.

చివరికి ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే, తర్వాత ఎంఆర్ఐ. "డిస్క్ బాగుంది, ఎంఆర్ఐ నార్మల్. నరం ఎక్కడా ఒత్తుకోలేదు. ఇది మయోఫేషియల్ పెయిన్, అంటే కండలది. ఫిజియోథెరపీ చేయించండి," అన్నాడాయన. అన్ని మాటల్లో నేను పట్టుకున్నది ఒక్కటే మాట. ఆటోలో "నార్మల్ అట, విన్నవా?" అన్నాను. ఆమె రిపోర్టు కవర్ ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. అప్పటి నుంచి ఆమె నొప్పి అన్న ప్రతిసారీ ఆ రిపోర్టు నాకు కర్రలా పనికొచ్చింది.

ఫిజియోథెరపిస్ట్ బోయిన్‌పల్లిలో ఉండేది. నెమ్మదైన మనిషి. లత భుజం మీద ఒకచోట బొటనవేలితో నొక్కగానే లత కెవ్వుమంది. నొప్పి కణత దాకా పాకిందట.

"ఇదే ట్రిగ్గర్ పాయింట్. కండ ఇక్కడ ముడి పడ్డది," అంది ఆమె. "డ్రై నీడ్లింగ్ చేస్తా. సన్నని సూది, అందుల మందేం ఉండదు. ముడిలకు పోంగనే కండ ఎగిరి పడ్తది, భయపడకు. ఒకటి రెండు రోజులు సలుపుతది."

లతను బోర్లా పడుకోబెట్టి, కండను వేళ్ళతో పైకి పట్టుకుని గుచ్చింది. చర్మం కింద చేప కొట్టుకున్నట్టు కండ అదిరింది. లత దిండు కొరుక్కుంది. మూడో సిట్టింగ్ అయ్యాక క్లినిక్ మెట్ల మీద నిలబడి తలను పూర్తిగా కుడివైపు తిప్పి, "అక్కా, తిరుగుతుంది చూడు!" అని నవ్వింది. ఎన్ని రోజులకో ఆ నవ్వు.

"అయితే ఇగ సాకులు లేవు," అన్నాను నేను.

పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. రోజుకు పదకొండు గంటలు మిషన్ మీద కూర్చోబెట్టాను. రెండు వారాల్లో నొప్పి మళ్ళీ వచ్చింది. ఫిజియో ఈసారి నాతో మాట్లాడింది. "సూది ముడిని విప్పుతది, అంతే. మీరు మళ్ళ గట్లనే కూసోబెడితే మళ్ళ ముడి పడ్తది. పది రోజులు మిషన్ బంద్ చేయించండి."

నాకు కోపం వచ్చింది. మా షాపుకు దగ్గర్లోనే ఒక జిమ్ పైన నొప్పుల సెంటర్ నడిపే ఒకతను ఉన్నాడని తెలిసింది. ఇరవై నిమిషాల్లో సూది గుచ్చి పంపిస్తాడట.

"ఆ మేడమ్ దగ్గరికే పోదామక్కా," అంది లత.

"బోయిన్‌పల్లి పోయొచ్చేసరికి పూట పోతది. నడువు."

అతను ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కండను పట్టుకోకుండా, భుజం పైనుంచి తిన్నగా కిందికి దించాడు సూదిని. నేనే పక్కనుండి "జెర జల్దీ" అన్నాను. లత ఉలిక్కిపడి దగ్గింది. "లోపల పొడిచినట్టయింది," అంది. "గట్లనే ఐతది. సోర్‌నెస్, సలుపంతే. రేపటికల్లా తగ్గుతది," అన్నాడు.

షాపు ముందు రెండే మెట్లు. ఒక మెట్టెక్కి ఆగిపోయింది.

"అక్కా, ఊపిరి ఆడుతలేదు. ఛాతీల పొడుస్తుంది."

అప్పుడు నేనన్న మాట ఇది. "నొప్పి నార్మల్ అని తేలింది గద, ఇప్పుడు ఊపిరి షురూ చేసినవా? నాటకాలు బంద్ చేసి కూసో."

కూర్చుంది. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. వేడి టీ చప్పరించినట్టు చిన్న చిన్న గుక్కలుగా ఊపిరి తీసుకుంటూ కుట్టింది. మూడింటికి నీళ్ళు అడిగి, సగం గ్లాసు కూడా తాగలేకపోయింది. "జెరసేపు పండుకుంటనక్కా," అంది. "ఈ రెండు జాకెట్లు అయినంక," అన్నాను. రెండూ పూర్తి చేసింది. ఆ కుట్లు తర్వాత చూశాను. ఒక్కటీ వంకర పోలేదు.

ఐదింటికి చీర ఫాల్ కోసం వచ్చిన ఒక పెద్దావిడ లత ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందమ్మా గిది? పిల్ల పెదవులు నల్లగైనయ్. నీకు కండ్లు లేవా? ముందు దవాఖానకు తీస్కపో!" అని తనే ఆటో పిలిచింది. నా చెల్లెల్ని చూడడానికి పరాయి మనిషి రావలసి వచ్చింది.

ఎమర్జెన్సీలో వేలికి పెట్టిన మిషన్ ఆక్సిజన్ ఎనభై నాలుగే అని చూపించింది. డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుని, "ఈ నల్లగా ఉన్నదంతా లంగ్ బయట చేరిన గాలి. లంగ్ ఇంతే మిగిలింది. న్యూమోథోరాక్స్. సూది లంగ్‌కు తగిలింది," అన్నాడు. "ఆయాసం ఎప్పటి నుంచి?"

ఆక్సిజన్ మాస్క్ లోపల్నుంచి లత చెప్పింది. "పన్నెండింటి నుంచి."

"ఐదు గంటలు ఏం చేస్తున్నరమ్మా?"

"జాకెట్లు కుడుతున్న సార్."

చాడీ చెప్పినట్టు కాదు. అడిగారు కాబట్టి చెప్పింది. డాక్టర్ ఒకసారి నావైపు చూసి, నర్సును కేకేశాడు.

పక్కటెముకల మధ్య కోసి చెస్ట్ ట్యూబ్ వేశారు. మత్తు చర్మానికే. నన్ను కర్టెన్ బయట నిలబెట్టారు. ఆమె అరుపు విన్నాను. అరవడానికి కూడా ఆమెకు ఊపిరి చాలలేదు. ఆరు రోజులు ఆ ట్యూబ్ చివర, మంచం కింద సీసాలో బుడగలు వస్తూనే ఉన్నాయి. దిండు సర్దాలన్నా నర్సునే పిలిచేది. రెండో రోజు ఒక కస్టమర్ ఫోన్ చేస్తే, "మిషన్ ఖరాబైంది, జెర ఆలస్యమైతది" అని చెప్పి పెట్టేశాను.

"మిషన్ మంచిగనే ఉందక్కా," అంది లత కళ్ళు తెరవకుండా. "నేనే ఖరాబైన."

డిశ్చార్జ్ అయ్యాక ఆ సెంటర్‌కు వెళ్ళి అతని మీద అరిచాను. "జల్దీ జల్దీ అన్నది మీరే గదమ్మా," అన్నాడు. అతని తప్పు అతనిదే. ఆ జల్దీ మాత్రం నాది.

లంగ్ బాగుపడింది. మూడు బంతుల పరికరంతో ఊపిరి వ్యాయామం రెండు నెలలు చేసింది. భుజం నొప్పి మాత్రం అలాగే ఉండిపోయింది. మళ్ళీ బోయిన్‌పల్లి ఫిజియో దగ్గరికే వెళ్ళింది, ఒంటరిగా. సూది ప్యాకెట్ చప్పుడుకే చటుక్కున లేచి కూర్చుందట. ఫిజియో దాన్ని పక్కన పెట్టేసి, నెలరోజులు చేతులతో, వ్యాయామాలతోనే లాక్కొచ్చిందట. ఆ తర్వాత లతే "ఇప్పుడు గుచ్చండి మేడమ్" అందట. ఇవన్నీ నాకు చాలా ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా తెలిశాయి.

ఇప్పుడు లత బోయిన్‌పల్లిలోనే చిన్న గది తీసుకుని ఉంటోంది. వేరే షాపులో కుడుతోంది. అరగంటకోసారి లేచి నడవనిస్తారు. ఆదివారాలు వస్తుంది. "నొప్పి ఎట్లుంది?" అంటే "మంచిగనే ఉందక్కా" అంటుంది. మొన్న పై అరలోని డబ్బా అందుకోబోయి చెయ్యి సగంలో ఆపి, ఎడమ చేత్తో తీసుకుంది. నేను చూశానని ఆమెకు తెలుసు. అయినా చెప్పలేదు. నాకు చెప్పడం ఆమె మానేసింది.

ఇది రాస్తానంటే ఒకే షరతు పెట్టింది. "నువ్వన్న మాటలు సుత రాయి. అవి తీసేసి రాయకు."

రాశాను. ఇక ఒక్క మాట. డ్రై నీడ్లింగ్ చెడ్డదని నేను చెప్పను. చేతనైన మనిషి చేస్తే లతకు మేలే జరిగింది. కానీ మెడ, భుజం, వీపు మీద సూది పడ్డాక ఛాతీలో పొడుపు గానీ, దగ్గు గానీ, ఆయాసం గానీ వస్తే, మరునాడు వచ్చినా సరే, సలుపులే అని కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, ఫలానా చోట సూది గుచ్చారని మొదటి మాటగా చెప్పి, ఛాతీ ఎక్స్‌రే తీయించండి. నిజమో నాటకమో అది చెబుతుంది. ఆ తీర్పు మాత్రం మీరివ్వకండి.