పెట్రాక్ మావయ్య మూడు వాల్వులు

పెట్రాక్ మావయ్య లెక్కలో ఈ లోకంలో ఉన్నది ఒక్కటే జబ్బు: వాల్వు సరిగ్గా పని చెయ్యకపోవడం. మనిషికైనా, మేకకైనా, టీ కెటిలుకైనా, చర్చిలో గంటన్నర ప్రసంగించే పాస్టరుగారికైనా అదే జబ్బు. ఆయనకి వేరే జబ్బుల పేర్లు తెలీవు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు.

కార్న్‌వాల్‌లోని ట్రెస్కెల్ తగరపు గనిలో ఊరే నీళ్ళు తోడిపొయ్యడానికి మూడంతస్తుల ఎత్తున, పెద్ద దూలం ఊపుతూ నడిచే ఒక ఆవిరి ఇంజను ఉంది. దాని పేరు మార్తా. ముప్ఫయ్యేళ్ళుగా దాన్ని నడిపేది మావయ్యే. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉంటుంది. ఒక కొస ఇంజనుకి ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుంటే, లోపల ఏ వాల్వు బుసకొడుతోందో ఇట్టే తెలిసిపోతుంది. ఇంతవరకూ ఆ ప్రాంతంలో ప్రతి ఇంజనువాడూ చేసేదే. కాకపోతే పని దిగాక మిగతావాళ్ళు కర్రని మూల పెట్టి ఇంటికెళ్తారు. మావయ్య కర్రతో సహా ఊళ్ళోకి వస్తాడు.

"వాల్వులు మూడు" అనేవాడు, ఎవరూ అడక్కపోయినా. "ఆవిరిని లోపలికి పిలిచేది ఒకటి. పైనుంచి కిందికి దాటించేది ఒకటి. పనైపోయాక బయటికి సాగనంపేది ఒకటి. మనిషీ అంతే!"

ఒక ఆదివారం చర్చి గుమ్మంలో పాస్టరుగారి వీపుకి కర్ర ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. "అయ్యా, మీకు సాగనంపే వాల్వు మూసుకోవడం లేదు. అందుకే 'చివరిగా ఒక్క మాట' అన్నాక కూడా నలభై నిమిషాలు పోతోంది" అన్నాడు. పాస్టరుగారు ఆ తర్వాత రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. వాల్వు బాగుపడిందని మావయ్య సంతోషించాడు.

ఇంజనుకి చక్రాలు కట్టి పట్టాల మీద పరిగెత్తిస్తున్నారని విన్నరోజు ఆయన అన్నం మానేసినంత పని చేశాడు. "నీళ్ళు తోడమని పుట్టించారు దాన్ని. మిల్లులో నూలు వడకమన్నారు, వడికింది. పడవ తొయ్యమన్నారు, తోసింది. ఇప్పుడు ఊళ్ళు తిరగమంటారా? ఒకచోట కుదురుగా కూర్చున్నదాన్ని చూస్తే వీళ్ళకి కడుపుమంట!"

ఈ మనిషి ఇంట్లో పెరిగింది మేనకోడలు మోర్వెన్నా. గని గట్టు మీద సుత్తితో రాళ్ళు పగలగొట్టే పని ఆమెది. తోటి అమ్మాయిలు "ఏమే, మీ మావయ్య పొద్దున మా మేకని పరీక్ష చేశాట్ట, దాని వాల్వు ఎలా ఉందిట?" అని పడీపడీ నవ్వుతుంటే, ఆమె సుత్తి దెబ్బలు ఇంకో నాలుగు గట్టిగా పడేవి.

ఆమె మనసులో ఉన్నవాడు గని కొలిమిలో పనిచేసే డిగొరీ. అతనికి నత్తి. పాట ఎత్తుకుంటే గొంతు ఖంగుమనేది, మాట మొదలెడితే మాత్రం మొదటి అక్షరం దగ్గరే బండి కూరుకుపోయేది. నోటితో చెప్పలేనిది పనితో చెప్పేవాడు. మోర్వెన్నా సుత్తి పిడి వదులైన సంగతి ఆమె కంటే ముందు అతనికే తెలిసేది.

రెండేళ్ళ కిందట మావయ్య అందరి ఎదుటా డిగొరీ గుండెకి కర్ర ఆనించాడు. "ఇది నత్తి కాదురా. నీ పిలిచే వాల్వూ సాగనంపే వాల్వూ ఒకేసారి తెరుచుకుంటున్నాయి. సాయంత్రం ఇంజను గదికి రా, దీపం పట్టుకోడానికి మనిషి కావాలి" అన్నాడు. గట్టంతా గొల్లున నవ్వింది. డిగొరీ నిజంగానే వెళ్ళాడు, ఆ రోజూ, ఆ తర్వాత ప్రతిరోజూ. 'అయిపోయింది, వీడికీ వాల్వుల పిచ్చి అంటుకుంది' అని మోర్వెన్నా తల కొట్టుకుంది.

ఆ జూన్ ఆఖర్లో డిగొరీ తల్లి కెజయా ఆదివారం టీకి వస్తున్నానని కబురు పంపింది. మోర్వెన్నా కుంకుమపువ్వు కేకు చేసి, మావయ్య ముందు చేతులు నడుముకి పెట్టుకుని నిలబడింది.

"మావయ్యా, ఒక్క గంట. ఆ కర్ర ముట్టుకోకూడదు. 'వాల్వు' అన్న మాట నోట్లోంచి రాకూడదు."

"ఒక్కసారైనా?"

"సగం మాట కూడా!"

"సరేలే అమ్మాయ్, నీ కోసం" అన్నాడు, పన్ను పీకించుకోడానికి ఒప్పుకున్నవాడిలా.

ఆయన ఆ వారం అసలే ఆత్రంగా ఉన్నాడు. ఏ ఇంజను తక్కువ బొగ్గుతో ఎక్కువ నీళ్ళు తోడిందో చెప్పే అచ్చుకాగితం ఆ ప్రాంతంలో నెలనెలా వస్తుంది. పదకొండేళ్ళుగా మార్తాది రెండో స్థానమే. ఈసారి మొదటి స్థానం ఖాయం, ఇంకో మూడు రోజులు దాన్నెవరూ తొందరపెట్టకపోతే చాలు. ఎండాకాలం గనిలో నీళ్ళు తక్కువ కాబట్టి మార్తా నిమిషానికి నాలుగు ఊపులే ఊగుతోంది. ఊపు ఊపుకీ ఇంజను గది పక్కనే ఉన్న వాళ్ళ ఇంట్లో టీ కప్పులు ఘల్లుమనేవి.

కెజయా కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది, కూర్చుంది, కేకు మూడు ముక్కలు తింది. అప్పుడు విషయానికొచ్చింది.

"దాపరికం ఎందుకులే అమ్మాయ్. కొవ్వొత్తుల కొట్టువాళ్ళ సెలీనాని మావాడికి ఖాయం చేసుకుంటున్నాను. వచ్చే ఆదివారం చర్చిలో పెళ్ళి ప్రకటన చదివించేస్తారు. నువ్వు మంచిదానివే, కానీ..." అని మావయ్య వైపు చూసింది. ఆయన మొహం కందగడ్డలా ఉంది. పెదాలు గట్టిగా బిగించి, చేతులు పిరుదుల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"డిగొరీ ఏమన్నాడు అత్తా?" అంది మోర్వెన్నా.

"వాడా? ఇష్టం లేకపోతే నోరు తెరిచి చెప్తాడుగా. ఏరా, ఇష్టం లేదా?"

డిగొరీ లేచి నిలబడ్డాడు. ఊపిరి లోపలికి పిలిచాడు, ఆపాడు. బయట మార్తా ఊగింది, కప్పులు ఘల్లుమన్నాయి.

"అమ్మా" అన్నాడు, తేటగా.

కెజయా నోటి దగ్గరి కప్పు అక్కడే ఆగిపోయింది. అందరూ ఎదురుచూశారు. పదిహేను సెకన్లు గడిచాయి. ఘల్లు.

"నాకు."

"ఏం కావాలిరా, కేకా?"

ఘల్లు.

"సెలీనా."

"చూశావా, వాడికీ సెలీనాయే కావాలిట!" అని కెజయా టోపీ అందుకుని నెత్తిన పెట్టుకుంది. డిగొరీ చేతులు అడ్డంగా ఊపుతున్నాడు కానీ తర్వాతి మాటకి ఇంకా ఊపు రాలేదు. మోర్వెన్నా ఆశగా మావయ్య కోసం చూస్తే ఆయన కుర్చీ ఖాళీ. పెరటి తలుపు తెరిచి ఉంది. మూలనున్న కర్ర కూడా లేదు.

'ఒక్క గంట! ఒక్క గంట నోరు కట్టుకోలేక పారిపోయాడు!' అనుకుందామె. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

కెజయా గడప మీద కాలు పెట్టింది. అప్పుడే కప్పులు ఘల్లుమన్నాయి. వెంటనే మళ్ళీ. మళ్ళీ మళ్ళీ. అల్మారాలోంచి ఒక చెంచా కిందపడింది.

"వద్దు అమ్మా. నేను మోర్వెన్నానే చేసుకుంటాను. చేసుకుంటే ఆమెనే. లేకపోతే నీ వంటే తింటూ ముసలాణ్ణయిపోతాను."

కెజయా గడప మీదే చతికిలబడింది. ఇరవయ్యారేళ్ళలో కొడుకు నోట అన్ని మాటలు ఒక్కసారిగా ఆమె వినలేదు.

"ఎవర్రా నీకు... ఎప్పుడు..."

"పెట్రాక్ మావయ్య! దీపం పట్టుకోడానికి కాదమ్మా పిలిచింది. మార్తా పక్కన నిలబెట్టి, ఒక్కో ఊపుకి ఒక్కో మాట, రెండేళ్ళు నేర్పాడు. పిలువు, నిలుపు, సాగనంపు అని. ఎవరికీ చెప్పొద్దన్నాడు, నవ్వుతారని. తనని చూసి నవ్వితే ఫరవాలేదుట, నన్ను చూసి నవ్వకూడదుట."

మోర్వెన్నా నడుముకి కట్టుకున్న ఏప్రన్‌తో మొహం దాచుకుంది. ఆయన పారిపోలేదని, మార్తాని తొందరపెట్టడానికి వెళ్ళాడని తెలిశాక కోపమంతా ఎటో పోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ డిగొరీ దగ్గర ఇరవయ్యారేళ్ళ సరుకు నిలవుంది. చిన్నప్పుడు తొడిగించిన ఎర్ర మేజోళ్ళ గురించి మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి మేనత్త గురించి, ఆమె గొర్రె గురించి చెప్పాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి మావయ్య మార్తాని ఆపలేదు. మండే బాయిలరు పొయ్యిలో బొగ్గు మీద బొగ్గు పోయిస్తూనే ఉన్నాడు. పొద్దు వాలేవేళకి కెజయా రొప్పుకుంటూ ఇంజను గదికి పరిగెత్తింది, వెనకే మోర్వెన్నా.

"అన్నయ్యా, ఇక ఆపు బాబూ! వాడు నా గంజికి వంకలు పెట్టే దాకా వచ్చాడు! పిల్లనిస్తానంటే చేసుకుంటాం, ముందు ఆ ఇంజనుని తగ్గించు!"

మావయ్య మసిమొహంతో బయటికొచ్చాడు. "అమ్మాయ్, గంట అయిందా?" అని అడిగాడు. మోర్వెన్నా తలూపింది. "వాల్వు, వాల్వు, వాల్వు, వాల్వు" అని ఆయన తనివితీరా అనుకున్నాడు.

నెలాఖరు కాగితంలో మార్తాది తొమ్మిదో స్థానం. మావయ్య దాన్ని మడిచి కెటిలు కింద పెట్టాడు. ఎవరైనా అడిగితే "పిలిచే వాల్వు కాస్త జారింది" అనేవాడు.

పెళ్ళికి నవంబరు నెల ఆయనే పెట్టించాడు. వానలకి గని నిండి ఉంటుంది, మార్తా నిమిషానికి పది ఊపులు ఊగుతుంది, ఎండాకాలంలో పెడితే ప్రమాణాలు పూర్తయ్యేసరికి దీపాలు పెట్టాలి అని ఆయన వాదన. అనుకున్నట్టే ఆ రోజు చర్చి కిటికీలు చకచకా దడదడలాడుతున్నాయి. "ఈమెని భార్యగా..." అని పాస్టరుగారు ఇంకా మొదలుపెడుతున్నారు. డిగొరీ "చేసుకుంటాను!" అనేసి, ఆయన ప్రశ్న పూర్తయ్యేదాకా ఇంకో మూడుసార్లు అన్నాడు.