సౌండు పెంచిన చెయ్యి

ప్రేమ, పాట కలిసిన సినిమా ఏది వచ్చినా నేను వదలను. కొత్తకోటలో ఎరువుల దుకాణం నడుపుకునేవాడికి ఇదేం పిచ్చి అని మావాళ్ళు నవ్వుతారు. పాటగాడు ప్రేమించిన పిల్లకు దూరమైతే నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఇంత మెత్తటి మనసున్న మగవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎంతమంది ఉంటారని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు నాకు బీపీ పట్టుకుంది. డాక్టరు మాత్రలు రాసి, ధ్యానం కూడా నేర్చుకొమ్మన్నాడు. పొద్దున్నే ఒక ఫంక్షన్ హాల్లో క్లాసు. నేర్పే ఆయన మోక్షం ఊసెత్తలేదు. "ముందు మీ చెయ్యి ఏం చేస్తోందో చూడండి. అది చేసిన పని మీరు చేసిందే, ఇంకెవరో చేసింది కాదు" అన్నాడు. ఇది చెప్పడానికి ఒక క్లాసు కూడానా అనుకున్నాను. అయినా చూడ్డం మొదలుపెట్టాను. దుకాణం షట్టరు ఎత్తడం, చాయ్ గ్లాసు పట్టుకోవడం... వింతేమీ కనబడలేదు.

ఒక సాయంత్రం టీవీలో సినిమా చూస్తున్నాను. అందులో భార్య గొప్ప గాయని. మొగుడు ఓర్వలేక ఆమె పాట మాన్పిస్తాడు. వాడి మీద నాకు ఒళ్ళు మండిపోతోంది. వంటింట్లో నా భార్య జొన్నరొట్టెలు కొడుతూ ఏదో పాడుకుంటోంది. అప్పుడు చూశాను. నా చెయ్యి రిమోటు అందుకుని సౌండు పెంచింది. వంటింట్లో పాట ఆగిపోయింది. రొట్టె కొట్టే చప్పుడు మాత్రం ఆగలేదు.

లేచి వెళ్ళి వంటింటి గడపలో నిలబడ్డాను.

"నువ్వు పాడినప్పుడల్లా నేను సౌండు పెంచుతనా?"

"ఇయ్యాల తెల్సిందా? పెండ్లైనకాడి సంది గంతేనాయె. అప్పుడు టేప్ రికార్డరు, ఇప్పుడు టీవీ."

"మరెన్నడు జెప్పకపోతివి?"

"ఏం జెప్పాలె? పాడొద్దని నువ్వెన్నడన్న అన్నవా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. పెనం మీద రొట్టె తిప్పుతూ తనే చెప్పింది: "గది మా అమ్మ నాట్లకాడ పాడిన పాట. ఆమె పోయినంక ఇంకెవ్వలకు రాదు. నోట్లె ఆడకపోతె మర్చిపోతనేమోనని పాడుకుంట, గంతే."

నాకు సిగ్గేసింది. మర్నాడు ఆమె పొయ్యి దగ్గరికి పోగానే టీవీ కట్టేశాను. పిండి చేతులతో బయటికి వచ్చింది.

"కరెంటు పోయిందా?"

"లేదు, నేనే బంద్ జేసిన. నువ్వు పాడు."

"పాడుమనంగనె పాడెటందుకు నేనేమన్న టీవీనా?" అని లోపలికి పోయింది.

మంచిపని చేస్తే వెంటనే ఎవరో ఒకరు మెచ్చుకోవాలి కదా మనకు. చిరాకేసింది. చెయ్యి మళ్ళీ రిమోటు వైపు పోయింది. చూశాను. వెనక్కి తీసుకున్నాను.

తర్వాత చాలా సాయంత్రాలు ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది. ధ్యానం క్లాసులో కూర్చోవడం కంటే అలా ఊరికే కూర్చోవడం కష్టంగా ఉండేది. ఆమె పాడలేదు, నేనూ మళ్ళీ అడగలేదు.

ఒకనాడు ఉన్నట్టుండి అందుకుంది. నేను తల తిప్పలేదు. మొదటి ముక్క స్పష్టంగా వచ్చింది. మళ్ళీ అదే ముక్క, ఇంకోసారి అదే. ఆగిపోయింది. కాసేపటికి లోపలినుంచి పిలిచింది.

"ఏమయ్యా, గీ ముక్క తర్వాత ఏమొస్తది? ఇన్నేండ్ల సంది నువ్వన్న ఇని ఉంటవు గదా!"

సినిమా పాట ఏది అడిగినా చివరిదాకా అప్పజెప్పగలను. ఈ పాట మాత్రం మొదటి ముక్క దాటి నేనెన్నడూ వినలేదు. ప్రతిసారీ అంతలోపే సౌండు పెంచేశాను.

"తెల్వది" అన్నాను.

ఆమె మళ్ళీ ఆ మొదటి ముక్కే అందుకుంది.