నా సాల్వియాకు కాక కాపలా

నాలుగు రోజులు రామకృష్ణాపూర్‌లో అక్క దగ్గరుండి ఈ మధ్యాహ్నమే గోదావరిఖని వచ్చాను. వెళ్లేముందు నా నీలం పూల సాల్వియా కుండీని పక్కింటి కాకకు అప్పగించాను. వారం నీళ్లు లేకపోయినా బతికే మొక్క అది. పూస్తే చాలు, తేనెటీగలు వరస కడతాయి. నీళ్లు పొయ్యొద్దు, మేకలు తినకుండా చూస్తే చాలని మరీ మరీ చెప్పాను.

వచ్చి చూస్తే కుండీ నిండా నీళ్లు, ఆకులన్నీ పసుపుపచ్చ. ఒక్క తేనెటీగ లేదు. కాక మాత్రం చెంబు పట్టుకొని నిలబడ్డాడు.

"నీళ్లెక్కువైతే వేర్లు కుళ్లుతయి కాకా, చెప్పిన గద!"

"గీ ఎండల నీళ్లొద్దనే చెట్టుంటదా బిడ్డా? రిటైరయ్యేదాక బొగ్గుబాయిల పంపు మీదనే డ్యూటీ చేసిన. లోపలి నీళ్లు బయటికి తోడుడే నా పని. ఇప్పుడన్న జర పొయ్యనియ్యవా?"

కోపమంతా నవ్వయిపోయింది. సంచి తీసుకొని లోపలికి వెళ్లాను.

సాయంత్రం తొంగి చూస్తే, కాక కుండీని ఓ పక్కకు వంచి, గ్లాసుతో నీళ్లు బయటికి తోడుతున్నాడు. ఎంత శ్రద్ధో!

మీ మొక్కల్ని కూడా ఎవరైనా ఇంత ప్రేమగా ముంచితే చెప్పండి. తోడడానికి మా కాకను పంపిస్తాను.