లారీలో నూజివీడు దాకా

ఎనభైల్లో ఒక వేసవి. అనంతపురం నుంచి మావారి స్నేహితుడింటికి, నూజివీడు దగ్గరి చాట్రాయి వెళ్లాం. నాకు మూడో నెల. అంతకుముందు ఒక గర్భం నిలవలేదు కాబట్టి ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఊరి బయట కొండ చూసి మనసు లాగితే, పొద్దున్నే ఇద్దరం మెల్లగా ఎక్కాం.

దిగుతుండగా పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. చీర మీద రక్తపు మరక చూసి మావారి మొహం పాలిపోయింది. ఎత్తుకున్నంత పనిచేసి నన్ను కింద మామిడితోటలోకి తెచ్చారు. అక్కడ లారీకి కాయలెక్కిస్తున్న కూలీల్లోంచి ఒక నడివయసు మనిషి పరుగున వచ్చింది.

"వట్టి మనిషివి కావు గదమ్మా?" అని, నా జవాబు కోసం చూడకుండానే వెనక్కి తిరిగి కేకేసింది. "బుట్టలు దింపండయ్యా! ఈ అమ్మాయిని నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

కూలీలు గబగబా కదిలారు. బుట్టలు దింపి, ఎండుగడ్డి పరిచి నన్ను పడుకోబెట్టారు. ఆమె కూడా ఎక్కి నా చెయ్యి పట్టుకుంది. లారీ కుదిపినప్పుడల్లా లోపల ఏదో జారిపోతున్నట్టే ఉండేది. "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నారు మావారు.

"బిడ్డ నిలుస్తుందా అక్కా?" అని ఆమెను అడిగాను.

మా వైపైతే ఎవరైనా "దేవుడున్నాడు" అనేవారు. ఆమె అనలేదు.

"నాకు తెలీదమ్మా. నీ చెయ్యి మాత్రం వదల్ను."

అన్నట్టే, డాక్టరమ్మ నన్ను లోపలికి తీసుకెళ్లేదాకా వదల్లేదు. తర్వాత నెలల తరబడి మంచం మీదే గడిపాను. కార్తీకంలో పాప ఏడుపు వినేదాకా నా భయం తీరలేదు.