గుమ్మం వైపు నుంచి వడ్డించే ఆవిడ

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు తెనాలిలో అమ్మమ్మ చెప్పిన దెయ్యం కథలన్నీ ఇష్టంగా విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. సింగపూర్‌లో యీషున్ అనే పేటలో నేను అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో అంతకుముందు ఒకాయన చనిపోయాడని తెలిసే చేరాను. అక్కడ నన్ను ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టింది పై అంతస్తు వాళ్ల ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రమే. దాని మీద ఫిర్యాదులు పెడుతూనే ఉన్నాను.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, బుకిట్ బటోక్‌లో నా స్నేహితుడు రఫీ వాళ్లింట్లో జరిగినదాన్ని అతను ఒక రకంగా, ప్రవీణ్ ఇంకో రకంగా చెప్పుకుంటున్నారు. ఇద్దరి కథల్లోనూ నేను దొంగనే. అసలేం జరిగిందని నన్ను అడిగినవాళ్లు లేరు. అందుకే రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు మేం రఫీ వాళ్లింట్లో ఒక ఆట ఆడేవాళ్లం. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతో నడిపే కథ అది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో వీరులు. కథ నడిపేది నేను. రఫీ హైదరాబాదీ, నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. ప్రవీణ్‌ది వరంగల్. జేసన్ ఇక్కడే పుట్టిన చైనీస్ మనిషి. నాకంటే మహా అయితే నాలుగైదేళ్లు చిన్న, కానీ నన్ను అంకుల్ అంటాడు. వద్దని చెప్పాను. మానలేదు.

సింగపూర్ వచ్చాక నాకు స్నేహాలంటూ ఉన్నవి ఆ బల్ల దగ్గరివే. వారమంతా ఎవరితోనూ పని మాటలు తప్ప మాట్లాడని నాకు ఆ మధ్యాహ్నం ఎంత ముఖ్యమో వాళ్లకు తెలియదు.

కిందటేడు ప్రవీణ్ అందరి ముందూ ఒక మాట అన్నాడు. "అన్నా, నీ రాక్షసులంత ఒక్కటే గదా. పేరు మారుస్తవ్, కోరలు మారుస్తవ్, కొడితే చస్తరు." అందరూ నవ్వారు. రఫీ కూడా నవ్వాడు. తర్వాత బిర్యానీ తింటూ వాళ్లు ఆ మాట మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

ఆట పుస్తకాల్లో రాక్షసులకు ఎంత బలముందో, ఎన్ని దెబ్బలకు ఓర్చుకుంటారో ఉంటుంది. అమ్మమ్మ కథల్లో ఆ లెక్కలుండవు. అక్కడ ప్రతి దెయ్యానికీ ఒక వెలితి ఉంటుంది. బ్రహ్మరాక్షసుడంటే నేర్చిన చదువు ఎవరికీ చెప్పకుండా చచ్చిపోయినవాడు. వాణ్ణి కత్తితో కొట్టి లాభం లేదు, ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలి. రాక్షసిని "పెద్దమ్మా" అని పిలిస్తే ఇక మింగడానికి దానికి మనసొప్పదు. నేను ఆ పద్ధతి పట్టుకున్నాను. ముందు బ్రహ్మరాక్షసుణ్ణి తెచ్చాను. మా వీరులు వారాల తరబడి అతని దగ్గర పాఠాలు చెప్పించుకున్నారు. ప్రవీణ్ నోరు మూతపడింది. బాగుందని మాత్రం అనలేదు.

తర్వాత సొంతంగా ఒక దెయ్యాన్ని కల్పించాలనుకున్నాను. ఆఫీసు నుంచి వస్తూ ట్రైన్‌లో నిలబడి ఉండగా ఆవిడ తట్టింది. విందుల్లో కనిపించే ఆడమనిషి. ఇంటిల్లిపాదికీ వడ్డించి, తను తినకుండానే పోయిన మనిషి. ఆవిడ వడ్డిస్తే ఎంత తిన్నా ఆకలి తీరదు. చేతిలో గరిటె ఉండదు, అంచు వంగిన రాగి గిన్నె ఉంటుంది. పెద్దల దగ్గర నుంచి కాకుండా గుమ్మం వైపు నుంచి వడ్డన మొదలుపెడుతుంది. ఆవిణ్ణి ఆపడానికి దారి ఒక్కటే. "నువ్వు తిన్నావా?" అని ఎవరైనా అడగాలి. బతికుండగా ఆ మాట ఎవరూ అడగలేదు కాబట్టి.

అమ్మమ్మ కథల్లో ఇలాంటి దెయ్యం లేదు. ఎక్కడా చదవలేదు, ఎవరి దగ్గరా వినలేదు. పేరు కూడా పెట్టలేదు.

ఆ ఆదివారం ఆవిణ్ణి ఆటలోకి తెచ్చాను. వంటింటి తలుపు తెరిచే ఉంది. రఫీ వాళ్లమ్మ లోపల మా కోసం ఏదో వేయిస్తున్నారు. మేమంతా ఆవిణ్ణి ఆంటీ అంటాం. గిన్నె గురించి, గుమ్మం వైపు నుంచి వడ్డించడం గురించి వివరంగా చెప్పాను. ప్రవీణ్ కత్తి దూశాడు, పని చెయ్యలేదు. రఫీ మంత్రం వేశాడు, అదీ పని చెయ్యలేదు. ఈ చిక్కు విప్పడానికి వీళ్లకు నెల పడుతుందని లోపల సంతోషపడుతున్నాను.

జేసన్ తన వీరుడి గొంతుతో ఆ దెయ్యాన్ని పలకరిస్తూ, "ఆంటీ, మకాన్ ఆల్రెడీ?" అన్నాడు.

ఇక్కడ ఎవరైనా ఎవరినైనా అడిగే మాటే అది, భోజనమైందా అని. అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అయినా నియమం నియమమే. "ఆవిడ గిన్నె కింద పెట్టింది. ఏమీ మాట్లాడలేదు" అన్నాను.

నేను అన్నది అంతే.

నవ్వులు ఆగిపోయాయి. "అంకుల్, అదేం భాష?" అని జేసన్ ఇంగ్లిష్‌లో అడిగాడు. "ఏది?" అన్నాను. "గిప్పుడే ఉర్దూల అన్నవ్ గదన్నా" అన్నాడు ప్రవీణ్. రఫీ ఆ మాట తిరిగి చెప్పాడు. "ఏక్ జనా ఆనా బాకీ హై." ఇంకా ఒకరు రావాల్సి ఉంది అని.

మా ఆట నడిచేది ఇంగ్లిష్‌లో. నాకు ఉర్దూ రాదు. హైదరాబాద్‌లో కొంతకాలం ఉద్యోగం చేశాను కాబట్టి ఆటోవాళ్లతో నెట్టుకొచ్చేంత వచ్చు, అది కాదనను. కానీ ఆ మాట నేను అనలేదు. నా గొంతుతోనే విన్నామని ముగ్గురూ అంటారు.

వంటింట్లో స్టవ్ కట్టేసిన చప్పుడైంది. ఆంటీ పిండి చేతులతోనే బయటికి వచ్చారు.

"చాంద్ ఫుప్పు సంగతి నీకు ఎవరు చెప్పిన్రు బేటా?"

ఫుప్పు అంటే మేనత్త, ఆంటీ వాళ్ల నాన్న చెల్లెలు. చాంద్ ఫుప్పు భర్త బొంబాయి వెళ్లి తిరిగి రాలేదట. ఆవిడ అన్న ఇంట్లోనే ఉండిపోయి అందరికీ వడ్డించేదట. గుమ్మం పక్కన ఆయన కోసం ఒక చోటు ఖాళీగా ఉంచి, ముందు అక్కడ పెట్టి, తర్వాతే మిగతావాళ్లకు. "ఆ గిన్నె నేనే పడేసిన చిన్నప్పుడు. అంచు వంగింది. పారేయనియ్యలే" అన్నారు ఆంటీ. "తిన్నవా ఫుప్పూ అని నేనొక్కదాన్నే అడిగేదాన్ని. అడిగినప్పుడల్ల ఇదే మాట."

రఫీకి ఆ పేరే తెలియదు. మా ముందే తల్లిని రెండుసార్లు అడిగాడు, ఎవరికైనా చెప్పావా అని. ఏళ్లుగా ఆ పేరు తన నోట రాలేదని ఆంటీ అన్నారు. రఫీ నమ్మలేదు. నా వైపు తిరిగాడు.

"అమ్మీ మా ఖాలాతోని ఫోన్ల మాట్లాడుతుంటె విన్నవ్. మా ఇంట్ల చనిపోయినామెను తీస్కొచ్చి దయ్యాన్ని చేసినవ్. గిట్ల చేస్తరా అన్నా?"

వాళ్ల పిన్నితో ఆంటీ ఏం మాట్లాడారో నేను వినలేదన్నాను. వంటింటి పక్క కుర్చీ ఎప్పుడూ నీదే కదా అన్నాడు ప్రవీణ్. ఆ కుర్చీలో ఫ్యాన్ గాలి రాదని ఎవరూ కూర్చోకపోతే నేను కూర్చునేవాణ్ణి. అది కూడా నా మీదికే తెచ్చారు.

వచ్చే వారం నుంచి కథ ప్రవీణ్ నడుపుతాడని ఆ సాయంత్రమే గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు.

కొన్ని వారాల తర్వాత ఆంటీ ఫోన్ చేశారు. రఫీ ఆఫీసులో ఉన్నాడు, ఒకసారి రమ్మన్నారు. సెలవు పెట్టి వెళ్లాను. బ్లాక్ కింద బెంచీ మీద కూర్చుని ఉన్నారు, పక్కన కూరగాయల సంచి. కుశల ప్రశ్నలేమీ లేవు.

"తిన్నదా ఆమె?" అన్నారు.

ఆట అక్కడే ఆగిపోయిందని చెప్పాను. ఆడేవాళ్లు లేకుండా కథ ముందుకు పోదని కూడా చెప్పాను.

"నేను ఆడుత. ఏం చెయ్యాలె చెప్పు."

నా దగ్గర పాచికలు లేవు. అక్కర్లేదన్నాను. ఆటలో ఎలా చెబుతానో అలాగే చెప్పాను. "మీరు విందుకు వచ్చారు. అందరూ తింటున్నారు. గుమ్మం పక్క చోటు ఖాళీగా ఉంది. ఆవిడ గిన్నె కింద పెట్టి నిలబడి ఉంది. మీరేం చేస్తారు?"

ఆంటీ చాలాసేపు ఆలోచించారు. ఎవరో సైకిల్ నడిపించుకుంటూ మా ముందు నుంచి వెళ్లారు.

"ఆ ఖాళీ జాగల నేను కూసుంట" అన్నారు. "వచ్చిన ఫుప్పూ అంట. అందరం వచ్చినం, ఇగ నువ్వు కూసో అంట. గిన్నె నేను పట్టుకుంట."

ఆ దెయ్యానికి నేను అనుకున్న దారి అది కాదు. నాకు తట్టనే లేదు. "ఆవిడ కూర్చుంది" అన్నాను. "తింది" అన్నాను. ఆంటీ కొంగుతో ముఖం తుడుచుకుని, సంచి తీసుకుని, లిఫ్ట్ వైపు వెళ్లిపోయారు.

ఆ రాత్రి రఫీ ఫోన్ చేశాడు. తల్లి అంతా చెప్పిందట. గొంతు మెత్తగానే ఉంది. "ఒక్క మాట అను అన్నా, ఎక్కడనో విన్న అని. ఇగ ఆ ముచ్చట ఎవ్వరం ఎత్తం. ఆదివారం వచ్చెయ్, నీ ఆట నువ్వే నడుపు."

"వినలేదు రఫీ" అన్నాను.

"మరి ఎట్ల తెలుసు?"

వినలేదని మళ్లీ చెప్పాను. అతను ఫోన్ పెట్టేశాడు.

ఆదివారాలు ఇప్పుడు ఖాళీ. ఆ బల్ల దగ్గరికి వెళ్లాలని లేదని అబద్ధం చెప్పను. కానీ విననిదాన్ని విన్నానని ఒప్పుకోను. దెయ్యం నా నోట మాట్లాడిందని ఆంటీ అనుకుంటున్నారు, అదీ ఒప్పుకోను. ఈ రెండూ కాకపోతే ఇంకేమిటని రఫీ అడిగినట్టే మీరూ అడుగుతారు. ఎంత ఆలోచించినా నాకు మూడోది కనిపించలేదు.